31, 331, 3331... ఇది గణితమా, పదితోని ఆటనా?

పాలమూరు_మూడు: 31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331. ఏడుకు ఏడూ ప్రధాన సంఖ్యలే. ఎగ్జిబిషన్ల చార్టు పెడదామంటే "గివి అంకెల గమ్మత్తులు, గణితం కాదు" అంటున్నరు. మీరేమంటరు?

మిర్యాలగూడ_సారు: ఎనిమిదోది రాయకుండ ఆపినవేం తమ్మీ? 333333331 = 17 × 19607843. అక్కడ తెగింది.

పాలమూరు_మూడు: తెగిందని తెల్సు సార్. ఏడు దాక ఎట్ల వచ్చిందని అడుగుతున్న.

మిర్యాలగూడ_సారు: వచ్చుడు యాదృచ్ఛికం. తెగుడుకు కారణమున్నది. 31ని 3తో గుణిస్తే 93, అంటే 100లకెల్లి 7 తీసేసినట్టు. 331కి 1000లకెల్లి 7. అట్లనే అన్నీ. ఇగ 10 ఘాతాలను 17తో భాగించి శేషాలు రాయి: 10, 15, 14, 4, 6, 9, 5, 16, 7. తొమ్మిదోకాడ 7 పడ్డది, అండ్లకెల్లి 7 తీసేస్తే శేషం సున్నా, అట్ల తొమ్మిది అంకెలది పోయింది. 16 అంకెలకోపారి మళ్ల పోతది: 25, 41, 57.

దేవరకొండ_శేషం: 31 గూడ ఊకోదు. 17 అంకెలదాన్ని 31 నిశ్శేషంగ భాగిస్తది. ఆ తర్వాత 15 అంకెలకోపారి.

నీలగిరి: చార్టు పెట్టుండ్రి, పిల్లలు ఆగి చూస్తరు.

మిర్యాలగూడ_సారు: బైనరీల, అంటే 0, 1 రెండు అంకెలతోనే రాసే పద్ధతిల, 331 అంటే 101001011. ఇందుల మూళ్లేవి? మనకు పది వేళ్లుంటే సంఖ్యకేంది?

పాలమూరు_మూడు: మరి 7 అంకె అసలే లేని ప్రధాన సంఖ్యలు అనంతమని గణితవేత్త మేనార్డ్ నిరూపించిండు, 2019ల అచ్చయింది. అదీ వేళ్ల గమ్మత్తేనా?

మిర్యాలగూడ_సారు: ఆయన నిరూపించిండు. నువ్వు ఏడు రాసి ఆపినవ్.

దేవరకొండ_శేషం: చివరి అంకెల సంగతి వేరే. పక్కపక్క ప్రధాన సంఖ్యలు ఒకే అంకెతోని ముగియాలంటే తేడా 10 గానీ 20 గానీ అట్ల ఉండాలె. మొదటిపారి 139, 149 కాడ వస్తది. కానీ ఒకే అంకె వెంటనే మళ్ల వచ్చుడు అనుకున్నదానికన్న తక్కువున్నదని, అచ్చం ఈ తేడాతోనే ఆ వంకర తేలదని గణితవేత్తలు లెమ్కీ ఆలివర్, సౌందరరాజన్ 2016ల చూపెట్టిండ్రు. 3తో భాగిస్తే వచ్చే శేషాలల్ల గూడ అదే కనిపిస్తది. దానికి పదితోని పనిలేదు.

పాలమూరు_మూడు: చార్టు గురించి అడిగితే ఎవల ముచ్చట వాళ్లదే! సారూ, మీ కోపం చార్టు మీదనా, నా మీదనా?

మిర్యాలగూడ_సారు: ఏడు సరిపోయినయంటే ఎనిమిదోది గూడ సరిపోతదని పిల్లలు రాస్తరు. పరీక్ష పేపర్లల్ల "ఇట్లనే అన్నింటికీ" అని గీత గీసేస్తరు. నా లొల్లి గదే.

పాలమూరు_మూడు: గా మాట ముందే అనకపోతిరి! ఎనిమిదోది ఎర్ర స్కెచ్‌తోని రాస్త, పక్కకు తొమ్మిది శేషాలు.

మిర్యాలగూడ_సారు: 17 అంకెలదీ రాయి. 31తోని భాగారం చేసి చూపెట్టు.

నీలగిరి: చార్టు అడ్డంగ పెట్టుకో తమ్మీ.