పదేళ్ల ల్యాప్‌టాప్, నాన్నగారి తెలుగు ఫైళ్లు: ఏది ముందు చూసుకోవాలి?

ప్రశ్న: పెరంబూరు పాఠకుడు

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో పెరంబూరులో ఉంటాము. మా ఇంట్లో 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఇంటెల్ ఆరవ తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, విండోస్ 10. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిందన్న సందేశం తెర మీద పదే పదే వస్తోంది. విండోస్ 11కు మారుదామని పరీక్షించి చూస్తే అది నడిచే ప్రాసెసర్ల జాబితాలో ఈ ప్రాసెసర్ లేదని తేలింది. పైగా ఆన్ చేసిన తరువాత బ్రౌజరు తెరుచుకోవడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది.

అసలు చిక్కు వేరే ఉంది. మా నాన్నగారు ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇళ్లలో మాట్లాడుకునే మాటలను ఇరవై ఏళ్లుగా సేకరించి, ఒక్కొక్క మాటకూ అర్థమూ వాడుక వాక్యమూ రాసి పెట్టుకున్నారు. సుమారు మూడు వేల మాటలు అయ్యాయి. అన్నీ అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాములో, అను ఫాంట్లతో, ఆయన చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు పద్ధతిలో కంపోజ్ చేసినవే. మొన్న ఒక పేజీలోని వాక్యాన్ని కాపీ చేసి మా అక్కయ్యకు వాట్సాప్‌లో పంపితే, ఇంగ్లీషు అక్షరాల నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టిన గజిబిజి తప్ప ఒక్క తెలుగు అక్షరమూ చేరలేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొనమంటారా, దీనిలోనే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయమంటారా? లినక్స్ వేస్తే నాన్నగారి ఫైళ్లు ఏమవుతాయి? 78 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ కొత్త కీబోర్డు నేర్చుకోవలసి వస్తుందా?

జవాబు: లినక్స్ లేఖరి, వడపళని

నమస్కారమండీ. మీరు ల్యాప్‌టాప్ గురించి ముందు, ఫైళ్ల గురించి తరువాత అడిగారు. నేను మాత్రం ఫైళ్ల సంగతి తేలేదాకా ల్యాప్‌టాప్ జోలికే పోవద్దని చెబుతాను. యంత్రం పోతే రిచ్చీ వీధిలో మరొకటి దొరుకుతుంది, మీ నాన్నగారు ఇరవై ఏళ్లు కూడబెట్టిన మాటలు మరెక్కడా దొరకవు. ఈ మాట ఊరికే అనడం లేదు. 2012లో నా కంప్యూటరును మా పేటలోని ఒక మరమ్మతు దుకాణంలో ఇస్తే, నన్ను అడగకుండానే ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసి చేతిలో పెట్టారు. మా అమ్మ పాడుతూ ఉంటే నేను పక్కన కూర్చుని టైపు చేసుకున్న పెళ్లి పాటలూ మంగళహారతులూ అందులోనే ఉన్నాయి, అప్పటికే అమ్మ చనిపోయి ఏడాది అయింది. కాబట్టి ఈ రోజే ఆ ఫోల్డరు మొత్తాన్ని, ఫాంట్ల ఫైళ్లతో సహా, రెండు వేర్వేరు డిస్కులలోకి కాపీ చేసి, ఒకదానిని మీ అక్కయ్యగారి ఇంట్లో ఉంచండి.

ఇక వాట్సాప్‌లో గజిబిజి ఎందుకు వచ్చిందో చెబుతాను. అను ఫాంట్ల మీద నాకు గౌరవమే ఉంది, తెలుగు అచ్చు పని ఏళ్ల తరబడి వాటి మీదే నడిచింది. అయితే ఆ పద్ధతిలో ఫైలులో ఉండేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ వాటి గుర్తులకూ కేటాయించిన స్థానాలలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి తెలుగు బొమ్మలను కూర్చుకోవడమే ఆ ఏర్పాటు, కనుక ఆ ఫాంటు లేని చోట బొమ్మ పోయి అడుగున ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ వేటి సంకేతం వాటికి కేటాయించే ప్రమాణం. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్ నుండే తెలుగుకు 128 స్థానాలు విడిగా ఉన్నాయి. "స్త్రీ" అని రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అన్న ఆరు సంకేతాలు ఉచ్చారణ వరుసలోనే ఫైలులో నిలుస్తాయి. వాటిని తెర మీద ఒకే గుత్తిగా పేర్చి చూపే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షర క్రమం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది గుర్తుందా? ఐఓఎస్ 11.2.6 తో దానిని సరిచేశారు. అప్పుడు ఎవరూ తాము రాసుకున్న తెలుగును మార్చుకోవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే లోపం చూపే పద్ధతిలో ఉంది గానీ రాతలో లేదు.

మీ నాన్నగారిది నిఘంటువు కాబట్టి ఈ తేడా ఇంకా ఎక్కువగా తగులుతుంది. ప్రస్తుతం ఆయన ఫైళ్లలో ఒక మాటను వెతకడం కష్టం, మాటలన్నీ అకారాది వరుసలో కూర్చమని కంప్యూటరుకు చెప్పడం అసాధ్యం. బహుశా ఆయన ఇరవై ఏళ్లుగా ప్రతి కొత్త మాటనూ చేత్తోనే దాని చోట ఇరికిస్తూ ఉండి ఉంటారు. యూనికోడ్‌లోకి వస్తే ఆ పని ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లోని పట్టికల ప్రోగ్రాము కాల్క్‌లో ఒక ఆదేశంతో అవుతుంది. ఇంకొక మాట. ఇంటి మాటలు కాబట్టి నాలుక పళ్లకు తగిలేలా పలికే దంత్య చ, దంత్య జ తప్పకుండా వచ్చి ఉంటాయి. ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో 2008 నుండి సొంత స్థానాలు ఉన్నాయి. వాటిని ఆయన ఇప్పుడు ఎలా గుర్తిస్తున్నారో అడిగి చూడండి.

కీబోర్డు గురించి బెంగ వద్దు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటు ద్వారా ఎం17ఎన్ అన్న ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులతో పాటు తెలుగు యాపిల్ పద్ధతి కూడా వస్తుంది. కొన్ని మీటలు అలవాటు చేసుకోవలసి రావచ్చు గానీ మొదటి నుండి నేర్చుకోనక్కరలేదు. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 2001లో వచ్చిన 7.0 తోనే ఆగిపోయింది. దాని ఫైళ్లను లిబ్రెఆఫీస్ డ్రా 2015 నాటి 4.4 వెర్షన్ నుండి తెరుస్తోంది కనుక లినక్స్‌లో కూడా పూర్తిగా చేతులు కట్టేసినట్టు ఉండదు.

ల్యాప్‌టాప్ విషయం తేలికే. ఆరవ తరం ఐ5కు ఇంకా సత్తా ఉంది, మీ ఏడెనిమిది నిమిషాల ఆలస్యానికి కారణం తిరిగే హార్డ్ డిస్కూ చాలని ర్యామూ తప్ప ప్రాసెసర్ కాదు. హార్డ్ డిస్క్ చోట తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయించి, లినక్స్ మింట్ 22 పెట్టుకుంటే దానికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. బ్రౌజరు, బ్యాంకు పని, వీడియో కాల్ అన్నీ అందులో జరిగిపోతాయి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలు చాలామంది చెబుతారు. ఆ మార్గంలో అప్‌డేట్లకు ఎవరి హామీ ఉండదు కాబట్టి, పెద్దవారు వాడే యంత్రంలో దానిని నేను ఒప్పుకోను. కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీడాక్ వారి మన ఊరి కేంద్రంలో తయారైన బాస్ లినక్స్‌ను తమిళనాడు ప్రభుత్వం పిల్లలకు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు చేర్చి ఇచ్చింది. లినక్స్ అనగానే నిపుణుల వ్యవహారమని వెనుకాడవలసిన పని లేదు.

జవాబు: అచ్చు పనివాడు, తిరువల్లిక్కేణి

లేఖరి గారు చెప్పిన దానిలో ముఖ్యమైన భాగంతో ఏకీభవిస్తాను. కాని 22 ఏళ్లుగా డీటీపీ, అంటే కంప్యూటరు మీద అచ్చు పేజీలు కూర్చే పని చేస్తున్నవాడిగా ఒక విషయంలో విభేదించక తప్పదు. పేజ్‌మేకర్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకోవడం వేరు, అవి పనికి వచ్చేలా తెరుచుకోవడం వేరు. ఫైళ్లు పుట్టిన విండోస్‌ను, అదే పేజ్‌మేకర్‌ను, అవే ఫాంట్లను పని మొత్తం పూర్తయ్యేదాకా కదపవద్దు. ఎస్ఎస్‌డీ వేయించినప్పుడు పాత హార్డ్ డిస్క్‌ను చెరపకుండా అలాగే తీసి భద్రపరచుకుంటే, అవసరమైన రోజున మళ్లీ బిగించి చూసుకోవచ్చు. వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకొని ఆ గడువును ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనికి వాడుకోవచ్చు. ఆ తరువాత ఆ విండోస్‌ను ఇంటర్నెట్‌కు తగిలించకుండా వాడండి.

మార్పిడి ఎలా చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ముందుగా ప్రతి ఫైలుకూ పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉంటాయి కాబట్టి అసలు పేజీ ఎలా ఉందో చూసుకోవడానికి అది సాక్ష్యంగా ఉంటుంది, అయితే దానిలో నుండి కాపీ చేస్తే మళ్లీ ఆ గజిబిజే వస్తుంది. తరువాత పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ టూల్‌తో కర్సరును రాతలో ఉంచి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా రాతను బయటకు తీయండి. అక్కడ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకోవద్దు, ఆర్‌టీఎఫ్ ఎంచుకోండి. ఉత్త టెక్స్ట్‌లో ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. అప్పుడు మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలనూ అంకెలనూ కూడా, యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము, అంటే కన్వర్టరు, అను ఫాంటు రాతగానే భావించి అర్థం లేని తెలుగుగా మార్చేస్తుంది. ఆర్‌టీఎఫ్‌లో ఫాంటు పేర్లు నిలుస్తాయి కనుక అను ఫాంట్లలో ఉన్న భాగాలను మాత్రమే విడదీసి మార్చుకోవచ్చు.

ఏ కన్వర్టరు వాడినా ప్రూఫు చూడక తప్పదు. నేను ఎక్కువగా చూసిన తప్పులు ఒత్తుల దగ్గరే. ఒక అక్షరం కిందికి చేరవలసిన ఒత్తు పక్క అక్షరానికి తగులుకుంటుంది, రెండు ఒత్తులున్న చోట వాటి వరుస తారుమారవుతుంది. రోజుకు ఇరవై మాటల చొప్పున పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని సరిచూస్తే మూడు వేల మాటలకు 150 రోజులు పడుతుంది. ఆ మాటలు తెలిసినది మీ నాన్నగారికే కాబట్టి, ఈ పని బయటి ప్రూఫ్ రీడరుకు అప్పగించవద్దు.

జవాబు: మౌంట్ రోడ్డు బాటసారి

డిస్కు, ర్యామ్ కొనడం గురించి ఒక జాగ్రత్త. పాత ర్యామ్ ముక్కను విప్పి వెంట తీసుకువెళ్లండి, ఆరవ తరం ల్యాప్‌టాప్‌లలో రెండు రకాల ర్యామ్‌లు వచ్చాయి, ఒకదాని చోట మరొకటి పట్టదు. ఎస్ఎస్‌డీని డబ్బా సీలు చూసి, బిల్లు రాయించుకొని తీసుకోండి. గత ఏడాది ఒక దుకాణంలో కొత్తదని చెప్పి ఇచ్చిన దానిని ఇంటికి తెచ్చి, మింట్‌లోని డిస్క్స్ ప్రోగ్రాములో స్మార్ట్ (డిస్కు తన వాడకాన్ని తానే నమోదు చేసుకునే) వివరాలు తెరిచి చూస్తే, అప్పటికే నాలుగు వేల గంటలు నడిచినట్టు కనిపించింది. బిల్లు ఉండబట్టి మార్పించుకోగలిగాను.

ప్రశ్న అడిగినవారి స్పందన: పెరంబూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. రెండు కాపీలు తీశాము, ఒకటి అక్కయ్య ఇంటికి చేరింది. ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయించి మింట్ పెట్టాను, ఇప్పుడు అర నిమిషంలోపే పని మొదలుపెట్టవచ్చు. పాత డిస్కును కదపలేదు.

నమూనాగా "చ" అక్షరం భాగాన్ని ఆర్‌టీఎఫ్‌గా తీసి మార్చి చూశాము. తప్పులు సరిగ్గా అచ్చు పనివాడు గారు చెప్పిన చోట్లే వచ్చాయి. నాన్నగారు ఎర్ర కలం పట్టుకొని రోజుకు ఇరవై కాదు, ముప్పై చూస్తున్నారు. దంత్య చకారం గురించి అడిగితే ఆయన పేజ్‌మేకర్ ప్రింటు తీసి చూపించారు. అటువంటి ప్రతి మాట పక్కనా ఇరవై ఏళ్లుగా పెన్సిలుతో చిన్న 2 అంకె వేసుకుంటూ వచ్చారు. ఫైలులో ఆ గుర్తు ఎక్కడా లేదు, కాగితాల మీదే ఉంది. అక్షరాల పట్టిక నుండి ౘ తీసి "ౘలి" అని తెర మీద పెట్టి చూపిస్తే, కళ్లద్దాలు తుడుచుకొని దగ్గరికి వచ్చి చాలాసేపు చూశారు. ఇక అన్ని చకారాలనూ ఒకేసారి వెతికి ౘ గా మార్చేయవచ్చా అని అడుగుతున్నారు.

జవాబు: లినక్స్ లేఖరి, వడపళని

దయచేసి అలా మార్చవద్దండీ. ఇ, ఈ, ఎ, ఏ లు చేరిన చకారం తాలవ్యమే, అంటే నాలుక అంగిలికి తగిలి పలికే మామూలు చ. చీమ, చెవి, చేను అలాంటివి. అ, ఉ, ఒ వంటివి చేరినప్పుడు అచ్చ తెలుగు మాటలలో దంత్యం వస్తుంది గానీ చంద్రుడు, చరణం వంటి సంస్కృతపు మాటలలో రాదు. ఈ తేడా కంప్యూటరుకు తెలియదు, మీ నాన్నగారి పెన్సిలు గుర్తులకే తెలుసు. ఆ కాగితాలను కూడా ఫోనుతో ఫొటోలు తీసి రెండు డిస్కులలోనూ చేర్చండి.

మరొక ఇబ్బంది ఉంది. యూనికోడ్‌కు చ, ౘ రెండు వేర్వేరు అక్షరాలు. నిఘంటువులో "ౘలి" అని మాత్రమే ఉంటే, మామూలుగా "చలి" అని టైపు చేసి వెతికేవారికి అది దొరకకపోవచ్చు. అందుచేత కాల్క్‌లో మొదటి నిలువు వరుసలో అందరూ రాసే "చలి"ని, రెండవ దానిలో ఉచ్చారణ కోసం "ౘలి"ని, మూడవ దానిలో అర్థాన్ని, నాల్గవ దానిలో వాడుక వాక్యాన్ని పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఫాంటుగా నోటో సెరిఫ్ తెలుగు వాడితే ఈ రెండు అక్షరాలూ అందులో ఉన్నాయి. ఫైలును కాల్క్ సొంత ఫార్మాట్ ఓడీఎస్‌గా దాచుకుంటే, అది 2006లోనే ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన కుటుంబానికి చెందిన ఫార్మాట్ కనుక, రేపు వేరే ప్రోగ్రాములో తెరవడానికీ అడ్డు ఉండదు.

రెండు నిలువు వరుసలు పెట్టడం నాన్నగారికి సమ్మతమేనా అని ముందు అడగండి. ఆయన ఒప్పుకుంటే "చ" భాగంలోనే పది మాటలు అలా కూర్చి ఇక్కడ పెట్టండి, "జ" మొదలుపెట్టే లోపల వాటిని అందరం చూద్దాము.