పాత థియేటర్ పునరుద్ధరణ: ప్రొజెక్టర్ గదిని ఏం చేయాలి?

పాతతెర:
ఒక పాత థియేటర్‌ను బాగుచేయించే బృందంలో నేనూ ఉన్నాను. ముఖద్వారాన్నీ, పైకప్పు నగిషీలనూ కాపాడాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట. ప్రొజెక్టర్ గది మాత్రం ప్రేక్షకులకు ఎలాగూ కనిపించదు కనుక, దాన్ని పడగొట్టి ఏసీ యంత్రాలు పెట్టుకుందామని కొందరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇటువంటి పని చేసినవారు తమ అనుభవం చెప్పగలరా?

రీలుపెట్టె:
పాతతెర గారూ, దయచేసి పడగొట్టనివ్వకండి. నేను చాలాకాలం ఆపరేటర్‌గా పనిచేశాను. ఆ గదిని అంత మందపు గోడలతో కట్టడానికి కారణం నిప్పు భయం. అప్పట్లో సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్ము మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి, ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. 1897లో పారిస్‌లోని ఒక ధర్మసంతలో ప్రొజెక్టర్ దీపానికి వాడిన ఈథర్ అంటుకుని 120 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్‌లో 1909లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది కూడా ఇటువంటి ప్రమాదాల భయంతోనే. మీ గదిలో తెరవైపు ఉన్న చిన్న కిటికీల పైభాగం చూడండి. ఇనుప పలకలు వేలాడుతుంటే, వాటిని పట్టుకున్న గొలుసులో వేడికి కరిగిపోయే లోహపు ముక్క ఒకటి ఉంటుంది. మంట లేచిన వెంటనే అది కరిగి, పలకలు వాటంతట అవే పడి కిటికీలు మూసుకుపోతాయి. అదొక్కటి చూపించినా ఆ గది ఎందుకుందో ఎవరికైనా అర్థమవుతుంది.

నేలమీద బోల్టుల గుర్తులు రెండు జతలుగా ఉన్నాయా? 2,000 అడుగుల రీలు సుమారు 20 నిమిషాలే ఆడుతుంది కనుక రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. రీలు అయిపోవస్తుండగా తెర కుడివైపు పైమూలన మొదటి చుక్క మెరవగానే రెండో యంత్రం మోటారు వేసి, ఏడెనిమిది సెకన్ల తరువాత రెండో చుక్క కనిపించగానే బొమ్మను మార్చేవాళ్లం. ఆ చుక్క కోసం ఊపిరి బిగబట్టి నిలబడిన చోటు ఇప్పటికీ నా కాళ్లకు గుర్తుంది.

సున్నపుపని:
గోడల విషయంలో నాదొక మాట. మూకీల కాలంలో కట్టిన హాళ్లలో ప్రతిధ్వని ఎక్కువ. 1920ల చివర టాకీలు వచ్చాక, మాట స్పష్టంగా వినపడడానికి చాలాచోట్ల ధ్వనిని పీల్చుకునే పలకలు కొట్టించారు. మేము ఒకచోట అటువంటి పలకను జాగ్రత్తగా విప్పితే, వెనక బంగారు పూత పోని పూలతీగ చెక్కుచెదరకుండా బయటపడింది. అయితే పాత పలకల్లోనూ ప్రొజెక్టర్ గది గోడల్లోనూ ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) ఉండే అవకాశం ఉంది కనుక, పరీక్ష చేయించకుండా ఎవరినీ గోకనివ్వకండి.

పాతతెర:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు వెళ్లి చూశాను. ఇనుప పలకలు రెండు ఉన్నాయి, బోల్టుల గుర్తులూ రెండు జతలే. గోడమీద ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న రీళ్ల సమయాలు కూడా ఉన్నాయి. రంగులు వేసేవారు సోమవారం వస్తారు. అంతకుముందే ఫోటోలు తీసి, కొలతలు రాసి బృందం ముందు పెడతాను.