విధంబుల "కోర్చుటా", విధంబుల "నోర్చుటా"?

రాంనగర్ రైట్‌బ్యాక్:
తిక్కన విరాటపర్వంలో భీష్ముడు దుర్యోధనుడితో చెప్పే పద్యం ఒకటి సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. "లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే, హెచ్చగుఁ గుందగుం..." అక్కణ్నుంచి "ఎల్లవిధంబుల" దాకా వస్తోంది, ఆపైన "నోర్చుట" అని నాలుక తిరుగుతోంది. సరైన పాఠం అదేనా? ఫుట్‌బాల్ అభిమానుల బ్యానర్‌కి కావాలి. మాలో పేచీ ఏమిటంటే, అభిమాని మెచ్చాల్సింది గెలుపునా, ఆటనా? పద్యం ఎటు మొగ్గుతుందో కూడా చెప్పండి.

ఉత్పలమాల:
పూర్తి పద్యం ఇది.

వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగ రాదు రా
లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే
హెచ్చగుఁ గుందగుం దొడరు టెల్లవిధంబుల కోర్చు టట్లు గా
కిచ్చఁ దలంచి యొక్కమెయి నిత్తఱిఁ బొందగు చేఁత యొప్పదే

వచ్చినవాడు అర్జునుడు, తప్పక గెలుస్తామనలేం. రాజ్యం కోసం పోరిన సేనలు రెండూ గెలవగలవా? హెచ్చూ (పెరగడం) కావచ్చు, కుందూ (తగ్గడం) కావచ్చు, తలపడటమంటే అన్నిటికీ ఓర్చడమే. అలా కాక, ఆలోచించి ఈ వేళ ఒక విధంగా సంధికి రావడం తగదా అని భావం.

మొదటి పాదం చివరి "రా" రెండో పాదంలోని "లచ్చి"తో కలుస్తుంది. రాలచ్చి, అంటే రాజ్యలక్ష్మి. బ్యానర్ మీద "లచ్చికినై" అని ఎత్తుకుంటే రాజ్యం జారిపోయి ఒట్టి సిరి మిగులుతుంది. ఇక మీ నాలుక మీద ఉన్నది "నో", పద్యంలో ఉన్నది "కో".

కాచిగూడ క్రాస్:
అంత తేలిగ్గా కొట్టేయకండి. "ఓర్చు"కి సహించు అనే కాదు, జయించు అనే అర్థమూ పాత కావ్యాల్లో ఉంది. పగఱ నోర్చి అంటే శత్రువుల్ని గెలిచి అనే కదా. "ఎల్లవిధంబుల నోర్చుట" అని చదివితే యుద్ధానికి దిగడమంటే ఏ విధంగానైనా గెలవడమే అని వస్తుంది. నా పక్షమూ అదే. 2004 యూరో కప్పు చూడండి. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద, సెమీస్‌లో చెక్ మీద, ఫైనల్లో పోర్చుగల్ మీద గ్రీసు మూడుసార్లూ 1-0. ఫైనల్ గోల్ 57వ నిమిషంలో కార్నర్ నుంచి, హరిస్టియాస్ తలతో. కోచ్ రెహాగెల్ ప్రత్యర్థి ఫార్వర్డ్‌లకి మనిషికో మనిషిని అంటించాడు, వాళ్ల వెనకాల ఎవరు తప్పినా సర్దడానికి డెల్లాస్‌ని ఖాళీగా ఉంచాడు. పక్కల్నించి క్రాసులు ఎన్ని పడ్డా పడనిచ్చాడు, మధ్యలోంచి దారి మాత్రం ఇవ్వలేదు. అది చూసి ముఖం చిట్లించినవాళ్లకి ఆటలో సగమే తెలుసని నా అభిప్రాయం.

ఉత్పలమాల:
అర్థం ఉంది, ఒప్పుకుంటాను. విభక్తి ఒప్పుకోదు. గెలవడం అనే అర్థంలో ఓర్చు ద్వితీయని కోరుతుంది, పగఱన్ ఓర్చు. భరించడం అనే అర్థంలో షష్ఠిని (కు) కోరుతుంది. ఎండకోర్చి, దెబ్బకోర్చి అంటాం, ఎండనోర్చి అనం. ఇక్కడ విధంబులకు + ఓర్చుట. ఆ క ఒక్కటి చాలు. పోనీ "కోర్చు" వేరే క్రియ అందామా? ద్రుతం (చివరి న్) మీద పరుషం సరళమై, అంటే క గ-గా మారి, "విధంబులఁ గోర్చు" అయ్యేది. అలా లేదు.

కాచిగూడ క్రాస్:
ఛందస్సు మాత్రం మీ పక్షాన లేదు. కో పెట్టినా నో పెట్టినా గురువే, ఆ స్థానంలో యతి లేదు, ప్రాస లేదు. పాడుతూ విన్నవాళ్ల నోట నో నిలిచిందంటే దానికో కారణం ఉంటుంది.

ఉత్పలమాల:
నోట నిలిచింది పాఠం కాదండీ. నో ఉన్న అచ్చుప్రతి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

బొల్లారం వింగర్:
గ్రీసు పేరు ఎత్తారు కాబట్టి 1982 ప్రపంచకప్‌లో జులై 5న బార్సిలోనా సారియా స్టేడియంలో జరిగిన మ్యాచ్ గురించి చెప్పాలి. గోల్స్ తేడాలో ముందున్న బ్రెజిల్‌కి ఇటలీ మీద డ్రా చాలు. ఇటలీ రోసీ 5వ నిమిషంలో, బ్రెజిల్ సోక్రటీస్ 12లో, మళ్లీ రోసీ 25లో, బ్రెజిల్ ఫల్కావ్ 68లో. 2-2. అక్కడ ఆపేస్తే సెమీస్. 74లో రోసీ మూడోది కొట్టాడు. "ఒక్కమెయి నిత్తఱిఁ బొందగు చేఁత" అన్న భీష్ముడి మాట ఆ ఆరు నిమిషాలకి అచ్చంగా అతుకుతుంది. అయినా ఇన్నేళ్ల తర్వాత జనం ప్రేమగా తలుచుకునేది ఆ ఓడిన జట్టునే. అభిమానికి ఆట ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాచిగూడ క్రాస్:
ఆ మూడో గోల్ ఎలా పడిందో కూడా చెప్పాలిగా. దాడికి ఎగబడి వెనక ఖాళీ వదిలినందుకు కాదు, కార్నర్‌కి. బ్రెజిల్ వాళ్లు దాదాపు అందరూ సొంత పెనాల్టీ ఏరియాలోనే ఉన్నారు. బంతి సరిగా బయటపడలేదు, ఇటలీ ఆటగాడు టార్డెల్లి కొట్టాడు, గోల్ ముందున్న రోసీ దాన్ని మళ్లించాడు. బ్రెజిల్ డిఫెండర్ జూనియర్ గోల్‌లైన్ మీదే నిలబడి ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తాడు. ఆన్‌సైడ్ చేసింది ఆయనే. కార్నర్ క్లియర్ కాగానే పోస్టు దగ్గరి మనిషి ముందుకి ఉరకాలి, ఒక్కడు ఆగినా ఆఫ్‌సైడ్ ట్రాప్ చెడినట్టే. అందమైన ఆట ఓడిందని పాట పాడతారు గానీ, ఓడింది ఆ కాపలా.

మల్లేపల్లి మైదానం:
మన ఊరి కోచ్ రహీమ్ సాబ్‌ని వదిలి బార్సిలోనా దాకా ఎందుకు పోతున్నరన్నా? హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాక వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది ఆయన చేతి కిందనే. ఆయన పెట్టిన టోర్నీల్లో డ్రిబ్లింగ్ నిషేధం ఉండేది. బంతి చేరంగనే వదలాలె, అంటే బంతి రాకముందే తల తిప్పి చూసి పెట్టుకోవాలె. చేతగాని కాలుతోనే ఆడాల్సిన టోర్నీలు గూడ పెట్టిండు. చూసెటోళ్లకి ఆ ఒక్క తాకు పాసులు ముచ్చటగ ఉంటయి, కానీ ఆయన ముచ్చట కోసం చెయ్యలేదు. బంతి కాళ్ల దగ్గర ఎంతసేపుంటే ఎదుటోడికి కమ్ముకోనీకి అంత టైమ్ ఇచ్చినట్టు. అందం, గెలుపు రెండు వేరే సంగతులని విడదీసుడే నాకు నచ్చదు.

ఇంగ "ఓర్చుట" అంటరా, 1962 జకార్తా ఆసియా క్రీడలు. గ్రూపులో మన భారత జట్టు దక్షిణ కొరియా చేతుల 0-2తోని ఓడింది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ సాబ్ ఫార్వర్డ్‌గ నిలబెట్టిండు. ఫైనల్ల మళ్ల అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1, బంగారం. కుందు అయినంక హెచ్చు అయ్యింది. నాకైతే "కో"నే ఒప్పు.

బర్కత్‌పుర పాఠకుడు:
అందరూ కో, నో అంటూ "నేర్చునే"ని దాటేశారు. అసలు గుట్టు అక్కడుంది. నేర్చు అంటే శక్యమవు. రెండు సేనలూ గెలవడం సాధ్యమా అని ప్రశ్న. ఆ ప్రశ్నకి ఫుట్‌బాల్‌లో జవాబు కొంచెం వేరు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిచింది కదా, కేరళ మీద 1-1. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. నిబంధనల లెక్కలో ఆ మ్యాచ్ డ్రా కిందే ఉంటుంది, షూటౌట్ కప్పు ఎవరిదో తేల్చే పద్ధతి మాత్రమే. కాబట్టి ఆ రాత్రి సేనలు రెండూ గెలవలేదు, రెండూ ఓడలేదు, లచ్చి మాత్రం ఒకరింటికి వచ్చింది.

తిక్కన గురించి ఒక మాట. పెనంగు, హెచ్చు, కుందు, తొడరు, ఓర్చు, పొందు. యుద్ధం గురించి చెప్పాల్సిన చోట ఇన్ని తెలుగు మాటలు వరసగా పడటం, నాలుగు పాదాల్లో సంస్కృతం అంత తక్కువ కావడం, ఆయన మంత్రిగా రాయబారాల మధ్య మసిలినందువల్లే అని నా నమ్మకం. ముసలాయన కుర్ర రాజుతో మాట్లాడుతున్నాడు, సమాసాలు కడితే వినడు.

బొల్లారం వింగర్:
గెలుపే ముఖ్యమంటే నిబంధనలు ఎందుకు మార్చారో చెప్పండి. 1990 ప్రపంచకప్‌లో 52 మ్యాచ్‌లకి 115 గోల్స్, సగటు 2.21. ఒక గోల్ ఆధిక్యం రాగానే డిఫెండర్ గోల్‌కీపర్‌కి వెనక్కి తన్నడం, కీపర్ చేత్తో పట్టుకుని నిదానించడం, మళ్లీ అదే. 1992లో కావాలని కాలితో ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని కీపర్ చేత్తో ముట్టరాదన్నారు. 1994 ప్రపంచకప్ నుంచి గెలుపుకి రెండు బదులు మూడు పాయింట్లు. ఆట చూడబుద్ధి కాకపోతే గెలుపుకీ విలువుండదని నడిపేవాళ్లే గుర్తించారు.

కాచిగూడ క్రాస్:
మూడు పాయింట్లు ఇచ్చింది గెలుపుకే కదండీ, అందానికి కాదు. 2010 చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో బార్సిలోనా మైదానం క్యాంప్ నౌ మీద ఇంటర్ మిలాన్‌ని తలుచుకోండి. మొదటి అంచెలో 3-1. రెండో అంచె 28వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు మోట్టాకి ఎర్రకార్డు. పదిమందితో పెనాల్టీ ఏరియా ముందు రెండు గోడలు కట్టారు, గోడల మధ్య పెద్దగా ఖాళీ ఉండనివ్వలేదు. స్ట్రైకర్ ఎతో ఫుల్‌బ్యాక్‌లా వెనక్కొచ్చి కాపలా కాశాడు. 84లో బార్సిలోనా డిఫెండర్ పికే కొట్టాడు, 0-1 ఓడారు, మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరారు. ఆ మ్యాచ్‌లో ఓర్చడం భరించడమా, గెలవడమా? రెండర్థాలూ ఒకే ధాతువులో ఉండటానికి కారణం ఇదేనని నా వాదం.

ఉత్పలమాల:
ధాతువు ఒకటేనా, రెండు ధాతువుల రూపం ఒకటైందా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా ఆ మాట అనలేం. ఈలోపు "పొందగు" సంగతి చూడండి. పొందు అగు చేత అంటే సంధి. కొందరు తగిన పని అని చెబుతారు, అప్పుడు పక్కనే ఉన్న "ఒప్పదే" పునరుక్తి అవుతుంది. తిక్కన అలా వృథా చేయడు.

రాంనగర్ రైట్‌బ్యాక్:
బ్యానర్ పొడవుకి మూడో పాదం మొత్తం పట్టదు. "హెచ్చగుఁ గుందగుం" ఆరక్షరాలే కాబట్టి పెద్దగా పైన, "దొడరు టెల్లవిధంబుల కోర్చు టట్లు" చిన్నగా కింద వేద్దామా?

బర్కత్‌పుర పాఠకుడు:
"టట్లు" దగ్గర ఆపితే "గాక" తెగి అర్థం తిరగబడుతుంది, "కోర్చుట" దగ్గరే ఆపండి. అరసున్న జాగ్రత్త. ఫ్లెక్స్ వాళ్ల ఫాంట్లలో చాలావాటికి ఉండదు, దాని స్థానంలో డబ్బా పడుతుంది. అక్షరాల్ని గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, ప్రూఫ్ చూడకుండా అచ్చు వేయనివ్వకండి.

కాచిగూడ క్రాస్:
"కో" అనే వేయండి, అభ్యంతరం లేదు. కింద తాత్పర్యం మాత్రం రాయొద్దు.