పారకుండేది పిడా, కామనా? అంగట్లో విన్న ఒక మాట గురించి

(కర్నూలు నుంచి)

అందరికీ నమస్తే. మా ఇంటి ముందర కొంచెం జాగా ఖాళీగా ఉంది, దాంట్లో రెండు మల్లెచెట్లు, ఇంత గోంగూర, చుక్కకూర వేసుకుందామని మొన్న ఆదివారం వన్‌టౌన్ తట్టు ఇనుప సామాన్ల అంగడికి పోయినా. తోటపని నాకు ఇదే మొదలు, ఏమేం కావాలో ఫోన్లో చూసి రాసుకున్నా, అన్నీ ఇంగ్లీషు పేర్లే. ట్రోవెల్, అదే మట్టి తీసే చిన్న చేతిపార, ఉందా అన్నా అంటే ఆ పెద్దాయన గోడకు సిమెంటు పూసే తాపీ తీసిచ్చినాడు. స్పేడ్ అన్నా. పార ముందర పెట్టి "కామ ఏసింది కావాల్నా, ఒట్టి పారనా?" అన్నాడు.

కామ! ఆ మాట విని ఎన్నేండ్లయిందో. మా అవ్వ గొడుగు కామ ఇరిగింది అనేది, అది గుర్తొచ్చింది గానీ పారకు కూడా అదే మాట అని నాకు తట్టలేదు. పిడా అన్నా అని అడిగితే ఆయన నవ్వలేదు, కసురుకోలేదు, ఒక కొడవలి ఒక గొడ్డలి రెండూ పక్కపక్కన పెట్టి చెప్పినాడు: పిడికిట్లో పట్టేంత ఉండేది పిడి, అది కత్తికి, కొడవలికి. రెండు చేతులతో పట్టుకునే పొడుగు కట్టె కామ, అది పారకు, గొడ్డలికి, సుత్తెకు. ఇంత చక్కటి తేడా మన భాషలో ఉంటే నేను అన్నిటికీ హ్యాండిల్ అనుకుంటా తిరుగుతున్నా ఇన్నాళ్ళూ.

ఇంగ ఆయన కామ ఎట్ల చూసుకోవాలో చెప్పినాడు, అది మీక్కూడా చెప్పాలని ఇంత రాస్తున్నా. ముందు కట్టె నార చూడాలంట, పై నుంచి కింది దాకా నేరుగా పోవాల, నడుమ ముడి ఉంటే ఆ ముడి కాడ్నే ఇరుగుతుంది. తుమ్మకట్టె గట్టిది గానీ బరువు, వెదురు తేలిక గానీ గట్టినేలలో దెబ్బకు ఆగదు. రంగు పూసిన కామ కొనొద్దన్నాడు, రంగు కింద ముడీ కనపడదు, పగులూ కనపడదు. కామ చేత్తో పట్టుకుని వంగి చూడమన్నాడు, పొట్టిదైతే నడుం పోతుంది. నేను పార రేకు మందం చూసి కొనాలనుకుంటా పోయినా, ఆయన రేకు గురించి ఒక్క ముక్కే మాట్లాడినాడు, తట్టి చూడు ఖంగుమనాల అని. మిగతాదంతా కామ గురించే.

నా ప్రశ్న ఏందంటే, మీ తట్టు కూడా పిడి, కామ వేరువేరేనా? ఈ కామ అనే మాట ఎక్కడిది?

(కడప నుంచి)

తమ్ముడూ మంచి మాట పట్టినావు. కామ ఎక్కడినుంచో వచ్చి చేరింది కాదు, మన ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో కాంబు అంటారు, పూవు కాడకూ అదే, గొడ్డలి కట్టెకూ అదే. కన్నడంలో కావు. అంటే చెట్టుకు కాడ ఎట్లనో పనిముట్టుకు కామ అట్ల. తమిళంలో సొంత కులాన్నే చెరిపేవాణ్ణి కోడాలి కాంబు అంటారు, అంటే గొడ్డలి కామ, చెట్టులోంచి వచ్చిన కట్టెతోనే గదా చెట్టును నరికేది. మా నాన్న ఇదే కథ మాకు తెలుగులో చెప్పేవాడు.

నాగలికి మాత్రం కామ అనరు చూడు, దాన్ని మేడి అంటారు. గంటెకు కాడ. ఒక్కొక్క పనిముట్టు పట్టుకునేదానికి ఒక్కొక్క పేరు. ఇట్లాంటి మాటలు పోతాయనే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాలో రైతుల నోట విని రాయించి, 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చినారు, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చేసింది. ఆ పని అరవై ఏండ్ల కిందటిది. నువ్వు ఆ అంగడాయన దగ్గరికి మళ్ళీ పోయి ఒక గంట కూర్చుని అన్నీ రాసుకో నాయనా, నిజంగా చెప్తున్నా.

(రాయదుర్గం నుంచి)

కడప అక్క చెప్పింది కరెక్టు. పార గురించి నేనొకటి చెప్తా. మాది కన్నడం, తెలుగు రెండూ నడిచే ఊరు. కన్నడంలో హారె అంటే గడ్డపార, మట్టి తీసే పార కాదు. తెలుగు ప కన్నడంలో హ అవుతుంది గదా, పాలు హాలు, పులి హులి, అట్ల పార హారె. తమిళంలో కూడా పారై అంటే గడ్డపారే, కడప్పారై అని కూడా అంటారు. అంటే చుట్టుపక్కల వాళ్ళకు పార అంటే పొడిచేది, మనకొక్కరికి తవ్వి ఎత్తేది అయింది, ఆ పాత అర్థం మనకు గడ్డపారలో మిగిలింది. కోస్తావాళ్ళు దాన్నే గునపం అంటారు. ఇంగ గుద్దలి ఉంది, అది సంస్కృతం కుద్దాలం నుంచి, హిందీలో కుదాల్ అదే.

(ఆదోని నుంచి)

మాటల సంగతి బాగుంది అన్నా, కొనే సంగతి కూడా ఒకటి చెప్తా, నేను సేద్యం చేసేవాణ్ణి. మీది నల్లరేగడైతే ఎండినప్పుడు పార దిగదు, గడ్డపార లేకుండా పని కాదు, తడిసినప్పుడు పారకు అంటుకుని వదలదు, గీకేదానికి పక్కన ఒక కట్టెపుల్ల పెట్టుకోండి. ఎర్రనేలైతే గులకరాళ్ళకు రేకు అంచు మొద్దుబారుతుంది. రెండు మల్లెచెట్లకు, గోంగూర మడికి ఒక పార, కలుపుకు ఒక దోకుడుపార, ఒక కొడవలి చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు. ఆ సెట్టు సెట్టుగా అమ్మే రంగుల సామాను కొనాకండి, వాటి మెడ మా నేలలో రెండు రోజులు నిలవదు. దోకుడుపార తెలుసు గదా, గడ్డిని దోకేది, నేలను లోతుగా తవ్వకుండా పైపైన గీకేది. తవ్వడం వేరు, దోకడం వేరు, పెల్లగించడం వేరు.

(కర్నూలు నుంచి, మళ్ళీ)

అక్కా, అన్నలూ, చానా సంతోషం. పారై, హారె సంగతి చదివి మా పిల్లోనికి చూపించినా, వాడు బోర్డు మీద రాసుకున్నాడు. దోకుడుపార రేపు తెస్తా.

పార ఒట్టిదే కొన్నా, తుమ్మకామ వేరేగా ఎంచుకున్నా, అక్కడ్నే వడ్రంగాయన కొన కొంచెం చెక్కి పార బెజ్జంలో దిగ్గొట్టి, పైన చిన్న కట్టెముక్క అడ్డంగా కొట్టి బిగించినాడు. రాత్రంతా నీళ్ళ తొట్లో తలకిందులుగా పెట్టు, కట్టె ఉబ్బి పట్టుకుంటుంది, ఎండినాక వదులైతే మళ్ళీ తీసుకురా అన్నాడు. ఇప్పుడు తొట్లో ఉంది. ఆ బిగించే చిన్న ముక్కను ఆయన సీల అన్నాడు. మీ ఊర్లో దాన్నేమంటారు?