బ్రెజిల్ ఉపాధ్యాయ శిక్షణలో ఆఫ్రో-బ్రెజిలియన్ చరిత్ర: తెలిసినవారి సహాయం కావాలి

నమస్కారం. ఉపాధ్యాయ విద్యలో పరిశోధన చేస్తూ, బ్రెజిల్ బడులలో ఆఫ్రో-బ్రెజిలియన్ చరిత్ర, సంస్కృతుల బోధనను తప్పనిసరి చేసిన 2003 నాటి 10639 నంబరు చట్టం గురించి చదువుతున్నాను. దాని అమలుకు 2004లో జాతీయ మార్గదర్శకాలు వచ్చినా, తాము చదువుకున్న రోజుల్లో ఈ పాఠాలే ఎరుగని ఉపాధ్యాయులు వాటిని ఎలా చెప్పగలరన్నదే నా సందేహం. నల్లజాతి చైతన్య దినమైన నవంబరు 20న, బానిసత్వాన్ని ఎదిరించిన నల్లజాతి నాయకుడు జుంబీ బొమ్మ గోడకు అంటించి, పిల్లలచేత కపోయిరా అనే ఆఫ్రో-బ్రెజిలియన్ యుద్ధకళ ఆడించి ముగిస్తే అది బోధన కాదని నా అభిప్రాయం (మన జయంతి సభలూ చాలావరకు అంతేననుకోండి). 1888లో బానిసత్వం రద్దయిన తరువాత నల్లజాతివారి జీవితం ఎలా సాగిందో చెప్పడానికి ఏ పాఠ్యసామగ్రి వాడతారు? ఆఫ్రికా మూలాలున్న కందొంబ్లే మతం గురించి చెప్పడం మతప్రచారమవుతుందని తప్పుకొనే ఉపాధ్యాయులతో శిక్షకులు ఎలా మాట్లాడతారు? అక్కడ పనిచేసినవారు గానీ, పోర్చుగీసు చదవగలిగినవారు గానీ ఒక్క శిక్షణ తరగతి నడిచే తీరునైనా దయచేసి వివరించగలరా?