అప్‌డేట్: ఆదివారం బిల్లులో ఆ 10 శాతం సంగతి

బర్మింగ్‌హామ్ నుంచి మెల్‌బోర్న్‌కు మారాక, ఒక రెస్టారెంటు ఆదివారం బిల్లులో 10 శాతం అదనంగా వేయడం న్యాయమేనా అని లోగడ అడిగాను. మీరు చెప్పినట్లు మెనూ మళ్లీ చూస్తే ఆ విషయం అడుగున ముద్రించే ఉంది. ఆదివారాలు సిబ్బందికి ఎక్కువ వేతనం చెల్లించవలసి రావడమే దానికి కారణమని, ముందుగా తెలియజేస్తే అది చట్టసమ్మతమేనని ఇప్పుడు అర్థమైంది. లండన్‌లో తరచూ కనిపించే 12.5 శాతం సర్వీస్ చార్జి ఇక్కడ మామూలుగా ఉండదు, టిప్పు కూడా తప్పనిసరి కాదు కనుక ఫిర్యాదు ఆలోచన మానుకున్నాను. సొంత వైన్ తీసుకువెళ్లనిచ్చే హోటళ్లు, సీసా తెరిచినందుకు కొంత రుసుము తీసుకున్నా సరే, మాకు బాగా నచ్చాయి. చిప్స్‌తో ఇచ్చే ‘ఫ్లేక్’ అనే చేప నిజానికి సొరచేప అని తెలిశాక, బ్రిటన్‌లో కాడ్ చేపకు అలవాటుపడిన మా ఆవిడ ఇంకా తేరుకోలేదు. సొరపుట్టు తిని పెరిగిన నాకు మాత్రం అది శుభవార్తే.