అవతరణమా, ఆవిర్భావమా: జూన్ 2 పేరు గురించి

మిత్రులకు నమస్కారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన జూన్ 2న బడి బోర్డు మీద ‘అవతరణ దినోత్సవం’ అని రాయాలా, ‘ఆవిర్భావ దినోత్సవం’ అని రాయాలా అని మేడమ్ గారు అడిగారు. పత్రికల్లో రెండూ కనబడుతున్నాయి, రెండూ తప్పు కాదు. అయినా నేను ‘ఆవిర్భావం’ వైపే మొగ్గుతాను. అందుకు వ్యుత్పత్తి కొంత కారణం, చరిత్ర ఎక్కువ కారణం.

అవతరణ అంటే పైనుంచి దిగిరావడం. అవతారం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. ‘ఆవిస్’ అంటే కంటికి కనబడేట్టుగా అని; లోపల ఉన్నది వెలికి రావడం ఆవిర్భావం. అయితే వాడుకలో అవతరణకు ‘ఏర్పడటం’ అనే అర్థం స్థిరపడింది కనుక, వ్యుత్పత్తి ఒక్కటే పట్టుకొని దాన్ని కాదనలేము. నాకు అడ్డుపడేది నవంబరు 1. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ రోజును ప్రభుత్వం అవతరణ దినోత్సవంగా జరుపుతుంటే, తెలంగాణ ఉద్యమకారులు విద్రోహ దినంగా పాటించేవారు. ఇక్కడి జనం ఏ పండుగను కాదని వీధికెక్కారో, 2014 తర్వాత మన పండుగకూ ఆ పేరే వచ్చింది.

నల్లగొండ పల్లెల్లో పెద్దవాళ్ల నోట ఈ రెండు మాటలూ అరుదు. ‘తెలంగాణ ఒచ్చిన దినం’ అంటారు. కాస్త ఆవేశంగా మాట్లాడితే ‘కొట్లాడి తెచ్చుకున్నం’ అంటారు. ‘వచ్చింది’ అంటే ఎవరి ప్రమేయం లేకుండానే వచ్చి ఉండవచ్చు. ‘తెచ్చుకున్నం’ అంటే తెచ్చినవాళ్లుండాలి, అదీ తమకోసమే తెచ్చుకొని ఉండాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లా పొడిచేడుకు చెందిన శ్రీకాంతాచారి ప్రత్యేక తెలంగాణ కోసం 2009 నవంబరు 29న హైదరాబాద్ ఎల్బీనగర్‌లో ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ పేరు తలచుకున్నాక ‘ఉత్సవం’ అనడానికి నోరు ఒక పట్టాన రాదు. అలాగని ఇంతమంది కోరి తెచ్చుకున్న రోజును సంతాప దినం చేయడమూ న్యాయం కాదు. అమరుల ఫొటోకు బంతిపూల దండ వేసి, మౌనం పాటించి, వెంటనే లడ్డూలు పంచే రోజు ఇది.

పైగా ఈ సెలవు ఎండాకాలం సెలవుల్లో కలిసిపోతుంది. బడి సాధారణంగా 12న తెరుస్తారు. జెండా ఎగరేసే వేళకు చాలామంది పిల్లలు అమ్మమ్మ ఊళ్లోనే ఉంటారు. పంద్రాగస్టు, ఛబ్బీస్ జనవరి తెలిసినంతగా జూన్ 2 పిల్లలకు తెలియకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. అందుకని బోర్డు మీద రాసింది తుడవకుండా బడి తెరిచే దాకా ఉంచమని మేడమ్ గారికి నా మనవి. పైన ‘తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం’ అని, దాని కింద ‘కొట్లాడి తెచ్చుకున్న దినం’ అని మన మాటలోనే రాస్తే, ఎవరు కొట్లాడారని పిల్లలే అడుగుతారు.

పాలమూరు వైపు పెద్దలు ఈ రోజును ఏమని పిలుస్తారో అక్కడి మిత్రులు రాయగలరు.